బొటనవేలి గుంత

పాత తోలు బ్యాగులు బాగుచేయడం నేర్పమని ఈమధ్య ఆడపిల్లలు మా ఇంటికి వస్తున్నారు. ఫోనులో ఏవేవో చూసుకుని వస్తారు. ఏ నూనె రాయాలి, ఏ రంగు వేయాలి, మెరుపు ఎట్లా తేవాలి, ఇవే ప్రశ్నలు. చెబుతాను, చెప్పకేం. చింతపండు పులుసుతో ఇత్తడి బిళ్ల తోమడం, ఆముదం గుడ్డకు అద్ది పైపైన రాయడం, దారానికి మైనం పట్టించడం, ఇవన్నీ కాస్త శ్రద్ధ ఉంటే ఒక పూటలో వచ్చేస్తాయి. పూటలో రానిది ఒకటుంది. అది చెప్పాలంటే కొడకండ్ల అవ్వ సంగతి చెప్పాలి. ఓపిక ఉంటే కూర్చోండి. లేదంటే ఆముదం సీసా అదిగో, తీసుకుపోండి.

నేను జఫర్‌గఢ్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి జనగామకు కోడలిగా వచ్చాను. మా ఆయనకు రైల్వే గేటు దగ్గర చిన్న కిరాణా కొట్టు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కొట్లాట నడుస్తున్నప్పుడు బజారంతా బందు. స్టేషను ముందు కూర్చుని చెప్పులు, బ్యాగులు కుట్టే తాత ఒకాయన ఉండేవాడు. ఆ రాళ్లు, లాఠీలు, ఉరుకులాటల మధ్య ఆయనకు కూర్చునే చోటు లేకుండా పోయింది. మా ఆయన జాలిపడి, "మా అరుగు మీద కూసోరాదే" అన్నాడు.

మా అత్త లోపలినుంచి గయ్యిమంది. ఆయన కులంవాళ్లను ఊళ్లలో అరుగు కూడా ఎక్కనివ్వని రోజులవి. తల్లీకొడుకుల మధ్య పెద్ద పంచాయితీ అయ్యాక ఒప్పందం కుదిరింది. అరుగు చివరన, గోనెపట్టా మీద మాత్రమే కూర్చోవాలి. గడప వైపు జరగకూడదు. సాయంత్రం ఆయన సర్దుకుని వెళ్లిపోగానే అత్త చెంబెడు నీళ్లు చల్లేది.

కొట్టు మూతపడి ఇంట్లో చేతినిండా పని లేదు. నేను గడప లోపల కూర్చుని ఆయన చేతులవైపు చూస్తూ ఉండేదాన్ని. తోలుకు చిల్లులు పొడిచే సూదిని ఆరె అంటారు. ఒకనాడు తాత బీడీ కోసం లేచినప్పుడు ఆ ఆరె అందుకుని, సగంలో ఉన్న పట్టీ కుట్టేశాను. ఆయన వచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెయ్యి మంచిగ తిరుగుతాందమ్మా నీకు."

అంతే, ఆ పని పట్టుకున్నాను. అత్త నెత్తి కొట్టుకుంది. "కాపుదనపు ఇంట్ల పుట్టినదానివి, తోలు ముడుతవా? చుట్టాలు మనింట్ల నీళ్లు తాగుతరా ఇగ?"

"చెప్పులేసుకుంటున్నవు గదా అత్తా! కాలికి తాకితే లేని మైల చేతికి తాకితే వస్తదా?" అన్నాను.

నిజంగానే చుట్టాలు కొందరు నీళ్లు తాగడం మానేశారు. తాగకపోతే పోనీ, బావిలో నీళ్లు మిగిలాయి అనుకున్నాను. నా మొండితనం అటువంటిది. మా ఆయన మాత్రం నవ్వి ఊరుకున్నాడు.

కొట్లాట సద్దుమణిగాక తాత మళ్లీ స్టేషను ముందుకు వెళ్లాడు కానీ, సన్నపని ఉన్న బ్యాగులన్నీ నా దగ్గరికే తెచ్చేవాడు. నర్సమ్మలవి, టీచరమ్మలవి, పటేళ్ల ఇళ్ల ఆడవాళ్లు నిజాం కాలంలో హైదరాబాదులో కొనుక్కున్నవి. తోలు కోయడం, పిడులు వేయడం ఆయన పని. కుట్లు, లోపలి అస్తరు గుడ్డ నా పని. నేను తాతా అని పిలిస్తే అత్తకు ఒళ్లు మండేది. అందుకే ఇంకాస్త గట్టిగా పిలిచేదాన్ని.

డెబ్బైల నడుమ ఒక వేసవిలో కొడకండ్ల నుంచి ఒక పటేలు వచ్చాడు. తెల్లబట్టలు, మోటారు సైకిలు, పంచాయతీ సమితి రాజకీయాల్లో తిరిగే మనిషి. సంచిలోంచి ఒక హ్యాండ్‌బ్యాగు తీసి అరుగు మీద పెట్టాడు. ముదురు గోధుమరంగు, ఇత్తడి బిళ్ల మూత. తోలు మూలల దగ్గర పొరలు లేచింది. అస్తరు చిరిగి, చిరిగినచోటల్లా ఎవరో చేత్తో కుట్టుకున్నారు. పిడి మీద ఒకచోట బొటనవేలు ఆనీ ఆనీ నల్లగా గుంత పడింది.

"మా అమ్మది. మా బాపు కొనిచ్చిండట. గిది పట్టుకుని బస్సులెక్కుతది, నలుగురిల నాకు నామోషి అయితాంది. కొత్తదాని లెక్క చెయ్యాలె. పాత ఆనవాలే ఉండొద్దు."

ఆనవాలు లేకుండా చేయడమే మాకు తెలిసిన గొప్పతనం. తాత పాత పిడి కోసేసి కొత్త తోలుతో నున్నటి పిడి వేశాడు. నేను పాత అస్తరు ఊడదీసి, కొత్త గుడ్డ వేసి, అరలన్నీ ఒకే కొలతలో తీర్చి కుట్టాను. బిళ్ల తోమితే బంగారంలా మెరిసింది. పటేలు వచ్చి చూసి, "అబ్బ! గిది మా అమ్మదేనా?" అన్నాడు. ఆ మాట తలుచుకుని కొన్నాళ్లు నేను నేలమీద నడవలేదు.

ఆ తర్వాత రెండో అంగడిరోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ మా ఇంటి ముందుకు వచ్చింది. నిండైన మనిషి, గంజిపెట్టిన తెల్లచీర, కొంగుకు ఏవేవో మూటకట్టిన ముడులు. చేతిలో అదే బ్యాగు.

"బ్యాగులు కుట్టే పిల్ల ఇల్లు గిదేనా?"

"గిదే అవ్వా. నేనే."

బ్యాగు నా వైపు చాచింది. "నా బ్యాగు నాకియ్యి. గిది నాది కాదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగతనం అంటగడుతోందే! పక్కింటివాళ్లు తొంగిచూడసాగారు. లోపలినుంచి అత్త, "చెప్పిన గదా! తోలు పని ఒద్దని చెప్పిన గదా!" అని అందుకుంది. ఇంటి దగ్గర కూర్చుని పనిచేసేదానికి నమ్మకమే కదా దుకాణం బోర్డు. అది ఊడిపోతే ఇంకేముంది?

"గిటు సూడవ్వా," అన్నాను బిళ్ల మీది పాత గీత చూపించి. "గీ గీత నీ బ్యాగు మీదున్నదే. మంచిగ సూసి మాట్లాడు!"

"సూసేటట్టుంటే నీ కాడికెందుకొస్త బిడ్డా?"

అప్పుడు చూశాను ఆమె కళ్లు. రెండూ తెల్లగా పొర కమ్మి ఉన్నాయి. ఆమెకు చూపు లేదని పటేలు మాకు చెప్పనే లేదు. నా కోపమంతా దిగిపోయింది. చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టాను.

ఆమె చెప్పింది. చెల్లెలు జనగామలోనే ఉంటుంది. పక్షవాతం వచ్చి మంచాన పడింది. ప్రతి అంగడిరోజూ ఈమె కొడకండ్ల నుంచి ఒంటరిగా బస్సెక్కి వచ్చి, చెల్లె తలకు నూనె రాసి, దువ్వి, జడేసి పోతుంది. పిడి మీది గుంతలో బొటనవేలు పెడితే బ్యాగు ఏ ముఖం తనవైపు ఉందో తెలుస్తుంది. అంచు చిరిగిన అరలో దువ్వెన. ముతక కుట్లున్న అరలో తాళంచెవి. ముడతపడ్డ అరలో బస్సు చిల్లర. కళ్లు పోయినప్పటినుంచి ఆమె లోకమంతా ఆ బ్యాగు లోపలే సర్దుకుని ఉంది. మేము దాన్ని నున్నగా గీకి చదును చేసి ఇచ్చాము.

"పోయిన అంగడికి బస్సుల చిల్లర దొరకలే. అన్ని అరలు ఒక్క తీరే ఉన్నయ్. దేవులాడుతుంటె సామానంత కిందవడ్డది. కండక్టరు కసిరిండు, మనుషులు నవ్విన్రు. పరేషాన్ల దిగాల్సిన కాడ దిగలే. ఎవరో చెప్తె మా కొడుకు ఉరికొచ్చి తోల్కపోయిండు. ఇగ పోకు అమ్మా, చిన్నమ్మ కాడికి జీతగత్తెను పంపుత అంటాండు. జీతగత్తె తల దువ్వుతది బిడ్డా, దువ్వదని కాదు. నా చెల్లెకు మాట పడిపోయింది. నా చెయ్యి తలమీద వడితెనే నేనొచ్చిన్నని తెలుస్తది దానికి."

కొంగు ముడులు తడుముకుని, "ఇయ్యాల మావోనికి చెప్పకుంట వచ్చిన. నా బ్యాగు నాకు గావాలె. లేకుంటె నేను మూలకు కూసునుడే," అంది.

గుడ్డపేలిక కూడా పారేయని అలవాటు నాది. పాత అస్తరు మూటలో భద్రంగా ఉంది. దాన్నే మళ్లీ వేస్తానని మాటిచ్చాను. మరి పిడి? సాయంత్రం తాత రాగానే అడిగాను. ఆయన తల గోక్కున్నాడు.

"మా అల్లుడొచ్చి పట్కపోయిండమ్మా. మానుకోట దగ్గర ఎవుసం ఆనిది. ఎద్దు మెడల గంట కట్టనీకి పట్టీ గావాలన్నడు."

మంచి తోలు ముక్క వృథాగా పోనివ్వకూడదన్నది వాళ్ల పనిలో పుట్టుకతో వచ్చే నీతి. తప్పు పట్టడానికేముంది? మర్నాడు పొద్దున ప్యాసింజరెక్కి మానుకోటకు, అదే మహబూబాబాదుకు, వెళ్లాను. అక్కడినుంచి ఎండలో నడక. తాత కూతురు నన్ను చూసి కంగారుపడింది. తండ్రికేదో అయిందనుకుంది పాపం. ఎద్దు మెడలోని పట్టీ కోసం వచ్చానంటే మొగుడూ పెళ్లాలు ముఖముఖాలు చూసుకున్నారు.

ఎద్దు మాత్రం దగ్గరికి రానివ్వలేదు. కొమ్ములు విసిరింది. చివరికి పట్టీ చేతికొచ్చింది. చెమటకు తడిసి, ఎండకు ఎండి, మెలితిరిగి, గంట కట్టడానికి పొడిచిన చిల్లు సరిగ్గా గుంత పడిన చోటే ఉంది. గుంతా లేదు, గింతా లేదు. కొట్టం ముందు కూలబడ్డాను. ఏడుపొచ్చింది.

తాత అల్లుడు నన్నే చూస్తూ, "అమ్మా, గంట గూడ పట్కపో, గీ ఎద్దుకెందుకు," అన్నాడు. ఆ మాటకు ఏడుస్తున్నదాన్ని నవ్వాను. గంట వద్దని పట్టీ ఒక్కటీ తెచ్చుకున్నాను. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ చదునైన తోలును వేలితో రుద్దుతూ, రుద్దుతూ, స్టేషను ఘన్‌పూర్ దాటేసరికి ఒక నిర్ణయానికొచ్చాను. పోయిన గుంతను వెతకడం కాదు. కొత్త గుంత పడేలా చేయాలి.

తాత ఒప్పుకోలేదు. "గది ఏండ్లకేండ్లు పట్టుకుంటె పడ్డ గుంత. మనం చేస్తె అయితదా?"

"తడి తోలు చెప్పినట్టు ఇంటది అని నువ్వే గదా అంటవు."

"తంగేడు చెక్క నీళ్లల పదునువెట్టిన తోలైతె ఇంటది. బజారు తోలు ఇనది."

"అయితె గా తోలే తే."

సణుక్కుంటూనే వెళ్లి తెచ్చాడు. వచ్చే అంగడికి మా ఇంటికే రమ్మని కొడకండ్ల బస్సు కండక్టరుతో అవ్వకు కబురంపాను.

ఆమె వచ్చింది. కొడుక్కు ఏం చెప్పి వచ్చిందో నేను అడగలేదు. పొద్దుటి ఎండ అరుగు మీద పడుతోంది. తోలు నానబెట్టి, తాడు చుట్టూ బిగించి, నేను కుట్టి సిద్ధంగా ఉంచాను. బ్యాగు తగిలించుకునే తీరులోనే పిడి ఆమె చేతికిచ్చాను. తోలు ఆరేలోపు బొటనవేలి గుర్తు లోతుగా దిగాలి. ఆరిపోతే ఇక బండరాయే.

ఆమె పట్టుకుంది. ముసలి చేతికి బలం చాలలేదు. వేలు తీసి చూస్తే నీడంత గుర్తు పడింది, చూస్తుండగానే అదీ లేచిపోయింది. నేను ఆమె వేలి మీద నా వేలు పెట్టి అదిమాను. నా చేతికి సూది బలమే కానీ ఒత్తే బలం లేదు. జారిపోయింది. మళ్లీ పట్టాను, మళ్లీ జారింది. ఎండ ముదురుతోంది. తోలు అంచులు అప్పుడే గట్టిపడుతున్నాయి.

ఒత్తగల చెయ్యి అక్కడ ఒక్కటే ఉంది. ఆ చెయ్యిగలాయన అరుగు చివర గోనెపట్టా మీద, రెండు చేతులూ ఒళ్లో దాచుకుని కూర్చున్నాడు.

"తాతా, నువ్వు పట్టు," అన్నాను.

"ఒద్దమ్మా! దొరసాని చెయ్యి నేను ముట్టుడా? పటేలుకు తెలిస్తె నన్ను బతకనిస్తడా?"

అత్త గడపలోకి వచ్చి నిలబడింది. అవ్వ ముఖం ఎత్తింది. "ఎవరది?"

"తోలు పని చేసెటోన్ని దొరసానీ. నీ బ్యాగు పిడి కోసినోన్ని నేనే."

అవ్వ పిడి వదిలేసింది. చెయ్యి ఒళ్లోకి తీసుకుంది. ఇక అయిపోయింది, ఇదంతా నా పిచ్చిగానీ, అనుకున్నాను. నాకు ఆమె మీద కోపం వచ్చింది, లోకం మీద కోపం వచ్చింది, వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తోలు మీద నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాను.

"ఆనాడు బస్సుల నా సామాను కిందవడ్డప్పుడు చుట్టూర మా కులపోళ్లే ఉన్నరు," అంది అవ్వ, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "గొంతులు గుర్తువట్టిన. ఒక్కడు వంగలే."

మళ్లీ పిడి తడుముకుని పట్టుకుంది. బొటనవేలు చాచి పెట్టింది.

"ఇటు రా. తోలు ఆరిపోతాంది. గట్టిగ పట్టు."

తాత నావైపు చూశాడు. నేను తల ఊపాను. ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ కడుక్కుని వచ్చాడు. గోనెపట్టా దాటి ఆయన అరుగు మీద ఇటువైపు రావడం అదే మొదటిసారి. ఆమె వేలి మీద తన బొటనవేలు పెట్టి ఒత్తాడు.

"నొస్తాందా దొరసానీ?"

"నొయ్యనియ్యి."

ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. తర్వాత ఆమె వానలెప్పుడు పడతాయో అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె చిన్నప్పుడు వాళ్లింట్లో చచ్చిన బర్రె గురించి చెప్పింది. ఆయన తన పెళ్లినాటి చెప్పుల గురించి చెప్పాడు. నేను పక్కన కూర్చుని పాత అస్తరు లోపల కుట్టుకుంటూ విన్నాను. చిరిగిన అర అంచు ఇంకా చిరగకుండా చుట్టూ సన్నకుట్టు వేశాను గానీ, చిరుగును మాత్రం అట్లాగే వదిలాను.

నీడ అరుగు మీదికి పాకాక తాత చెయ్యి తీశాడు. గుంత దిగింది. అవ్వ వేలు ఆడించి చూసుకుంది.

"జర లోతుగ పడ్డదేంది?"

"ఇద్దరి బలం గదా దొరసానీ."

ఆమె నవ్వింది. తాత పిడి బిగించి ఇచ్చిన బ్యాగు తగిలించుకుని, కొంగు ముడులన్నీ విప్పి ఒక్కొక్కటీ దాని అరలో వేసుకుంది. మూత వేసింది. మళ్లీ తీసి, చెయ్యి లోపల పెట్టి, తడుముకోకుండా దువ్వెన బయటికి తీసింది. చెల్లె ఇంటిదాకా తోడు వస్తానంటే వినలేదు.

"నేను బోత. మావోనికి మాత్రం చెప్పకు," అంది. గోడ పట్టుకుని మూలదాకా వెళ్లి, అక్కడినుంచి తన దారిన తను నడుచుకుంటూ పోయింది.

ఆ సాయంత్రం కూడా మా అత్త అరుగు మీద నీళ్లు చల్లింది. మనుషులు ఒక్కరోజులో మారిపోతారని మీకు అబద్ధం చెప్పలేను. అవ్వ మాత్రం చెల్లె పోయేదాకా ప్రతి అంగడిరోజూ మా వీధిలోంచే వెళ్లింది. మా ఇంటి ముందుకు రాగానే బిళ్ల టక్కున తీసి టక్కున వేసేది. వచ్చిపోతున్నానని నాకు కబురు.

ఎనభైలు సగం దాటాక పటేలు మళ్లీ వచ్చాడు. జుట్టు నెరిసింది. అప్పటికి అవ్వ లేదు, తాతా లేడు. అరుగు చివర గోనెపట్టా మీద నేనే కూర్చుంటున్నాను. ఆయన సంచిలోంచి అదే బ్యాగు తీశాడు.

"నా బిడ్డకు భూపాలపల్లిల టీచరు నౌకరి వచ్చింది. ఒక్కతే పోయి ఉంట అంటాంది. నాయినమ్మ బ్యాగే గావాలని పట్టువట్టింది. కొత్తదాని లెక్క చెయ్యాలె."

"పిల్లను తోల్కరా పటేలా."

"బ్యాగు కుట్టనీకి పిల్లెందుకు?"

"ఆనాడు మీ అమ్మను తోల్కరాకనే గదా గంత పని పడ్డది," అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. అయినా మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నగా, తండ్రి ముక్కుతో, నాయినమ్మ నిలబడే తీరుతో ఉంది. బ్యాగు చేతికిచ్చాను. పిడి పట్టుకుంది. బొటనవేలు దానంతటదే గుంతలోకి జారింది.

"ఇదేంది, గింత లోతుగున్నది? నా ఏలు మునిగిపోతాంది."

చెప్పొద్దని అవ్వ నాతో అంది. కానీ ఆ పిల్ల అడుగుతోంది. నేను పటేలు వైపు చూసి, మొత్తం చెప్పాను. ఎద్దు మెడ నుంచి, నీడ అరుగు ఎక్కేదాకా.

పటేలు ముఖం నల్లబడింది. "మా అమ్మ చెయ్యి ముట్టిండా?"

"ముట్టుడు కాదు పటేలా. పట్టుకున్నడు."

ఆయన చాలాసేపు గోనెపట్టా వైపే చూశాడు. నేను తోలు కోసే కత్తి తీసి పక్కన పెట్టుకున్నాను. "నీ బిడ్డ ఏలికి ఇది సరిపడది. కొత్త పిడి ఎయ్యమంటె ఎయ్యొచ్చు. నువ్వు చెప్పు బిడ్డా," అన్నాను పిల్లతో.

ఆ పిల్ల బ్యాగును నా చేతికివ్వలేదు. గుంతలో వేలు అట్లాగే ఉంచి, ఇంకాస్త బిగించి పట్టుకుంది.

"ఒద్దు, ఉండనియ్యి. గంత దూరం ఒక్కదాన్నే పోవాలె గదా."